ముందున్న తొమ్మిది

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను యూకేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు నాకు ఇంట్లో మాట్లాడే భాష, స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్, ఆ తర్వాత సినిమా పాటల భాష. అందుకని ఇందులో ఎక్కడైనా ఒత్తులు తప్పితే క్లబ్ వాళ్లని తిట్టకండి, నన్నే తిట్టండి. "నీకు బాగా తెలిసిన విషయం మీద రాయి, తెలుగు అదే వస్తుంది" అన్నాడు మన మ్యాగజైన్ ఎడిటర్. చాలా ఆలోచించాను. నాకు నిజంగా బాగా తెలిసిన విషయం ఒక్కటే కనిపించింది. అది నేను చేసిన ఒక తప్పు. ఆ తప్పు పొడవు ఒక్క లైను.

డేటాబేస్‌లో ఒక మాట ముందు అతికించి ఉన్న ముక్కని తీసెయ్యాలి. దాన్ని ప్రిఫిక్స్ అంటాం. సివిల్, మెకానికల్ వాళ్లు భయపడకండి, ఇందులో మీకు అర్థం కానిది ఏమీ లేదు. "+91" అని మొదలయ్యే ఫోన్ నంబర్లు ఉన్నాయి, ఆ "+91" తీసేసి మిగతాది ఉంచాలి. అంతే పని. పేపర్ మీద అయితే ఎల్‌కేజీ పిల్లాడు కూడా చేస్తాడు.

పోయిన సెప్టెంబర్‌లో ఎన్ఎస్ఎస్ వాళ్ల బ్లడ్ డోనర్స్ లిస్ట్ నా చేతికి వచ్చింది. నేను అడిగి తీసుకున్నాను, అది కూడా చెప్పాలి. సెకండ్ ఇయర్‌లో డీబీఎంఎస్ సబ్జెక్ట్ మొదలైంది, ల్యాబ్‌లో మార్కులు బాగానే వస్తున్నాయి, ఏదో ఒకటి "రియల్"గా చెయ్యాలని ఒకటే దురద. ఎన్ఎస్ఎస్ చూసుకునే ఫైనల్ ఇయర్ అక్క దగ్గరికి వెళ్లి, "అక్కా, ఆ ఫైలు నాకివ్వు, నీట్‌గా చేసి ఇస్తాను. ఏ బ్లడ్ గ్రూప్ కావాలంటే ఆ గ్రూప్ వాళ్లు ఒక్క సెకనులో వచ్చేస్తారు" అన్నాను. ఆవిడ సంతోషంగా ఇచ్చింది.

412 మంది. గూగుల్ ఫారమ్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు నింపారు. ఒకరు +91 పెట్టారు, ఒకరు ప్లస్ లేకుండా 91 పెట్టారు, కొందరు ముందు సున్నా కొట్టారు, కొందరు ఏమీ లేకుండా 10 అంకెలు రాశారు. మధ్యలో స్పేసులు, అడ్డగీతలు సరేసరి. ఇవన్నీ ఒకే రూపంలోకి తేవాలి. స్పేసులు, గీతలు రీప్లేస్‌తో తీసేశాను, బ్రహ్మాండంగా పోయాయి. ఆ ఊపులో ప్రిఫిక్స్ మీద పడ్డాను.

మా ల్యాబ్‌లో వాడేది పోస్ట్‌గ్రెస్. అందులో ఎల్‌ట్రిమ్ అని ఒక ఫంక్షన్ ఉంది. ఎల్ అంటే లెఫ్ట్. ఎడమ పక్కన ఉన్న స్పేసులు తీసెయ్యడానికి ల్యాబ్‌లో వాడాం. దానికి రెండో ఆర్గ్యుమెంట్ కూడా ఇవ్వొచ్చని అప్పుడే చూశాను. ఏం తీసెయ్యాలో చెప్తే అది తీసేస్తుంది. ఇంకేం కావాలి? ఎల్‌ట్రిమ్‌కి ఫోన్ కాలమ్ ఇచ్చి, పక్కన "+91" అని ఇచ్చాను. టెస్ట్ చెయ్యకుండా ఏం చెయ్యలేదు. ముందు నా నంబర్ మీద చూశాను, కరెక్ట్‌గా వచ్చింది. నా రూమ్మేట్ నంబర్ మీద చూశాను, కరెక్ట్‌గా వచ్చింది. రెండు టెస్ట్ కేసులు పాస్. అప్‌డేట్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. 412 రోలు అప్‌డేట్ అయ్యాయని చెప్పింది. దాన్ని మళ్లీ ఫైల్‌గా తీసి, పాత ఫైల్ ఎందుకులే అని అదే పేరుతో సేవ్ చేసి, అక్కకి పంపించాను. ఆ రాత్రి మెస్‌లో రెండు ఆమ్లెట్లు ఎక్స్‌ట్రా తిన్నాను.

నా నంబర్ 8తో మొదలవుతుంది. మా రూమ్మేట్‌ది 7తో. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి.

నవంబర్‌లో ఒక రాత్రి పదింపావుకి అక్క ఫోన్ చేసింది. మామూలుగా ఆవిడ నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆ రోజు హలో కూడా అనలేదు.

"ఏరా, నువ్విచ్చిన లిస్టులో నంబర్లేంటి, తొమ్మిది అంకెలే ఉన్నాయి?"

నాకు అర్థం కాలేదు. "పది ఉంటాయక్కా" అన్నాను.

"ఉంటాయి కాదు, చూడు. ఒకటి ఎనిమిదే ఉంది. ఒకటైతే ఏడు. ఓ నెగటివ్ కావాలిరా. మన మెస్ బాబాయ్ కూతురికి."

మెస్ బాబాయ్ అంటే మనందరికీ తెలుసు. పొద్దున్నే పెనం దగ్గర నిలబడి, మనం క్లాసుకి లేటవుతున్నామని మన మొహం చూసే కనిపెట్టి, లైన్లో ముందున్నవాడిని ఆపి మరీ మనకి దోశ వేసే మనిషి. ఆయన కూతురికి ఆ సాయంత్రమే కాన్పు అయింది. పాప బాగానే ఉంది, తల్లికి రక్తస్రావం ఆగట్లేదు. బ్లడ్ బ్యాంక్‌లో ఆ గ్రూప్‌ది ఒక్క యూనిట్ దొరికింది. ఇంకొకటి కావాలన్నారు. ఓ నెగటివ్ వాళ్ల రక్తం ఎమర్జెన్సీలో ఏ గ్రూప్ వాళ్లకైనా ఎక్కించొచ్చు, కానీ వాళ్లకి మాత్రం ఓ నెగటివే ఎక్కాలి. అందరికీ ఇవ్వగలరు, తీసుకోవడం తమవాళ్ల దగ్గరే.

ల్యాప్‌టాప్ తెరిచాను. ఓ నెగటివ్ అని ఫిల్టర్ కొట్టాను. నేను చెప్పినట్టే ఒక్క సెకనులో వచ్చారు. ఆరుగురు. వాళ్లలో ఇద్దరికే 10 అంకెలు ఉన్నాయి. ఆ రెండు నంబర్లు ఒకటి 8తో, ఒకటి 7తో మొదలయ్యాయి.

కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. 9తో మొదలయ్యే నంబర్ టేబుల్ మొత్తంలో ఒక్కటి కూడా లేదు. మన దేశంలో మొబైల్ నంబర్ 6, 7, 8, 9లో ఏదో ఒకదానితో మొదలవుతుంది. 412 మందిలో ఒక్కరికి కూడా 9 లేకపోవడం అసాధ్యం. నేను రెండు నెలల క్రితం తిన్న ఆమ్లెట్లు గుర్తొచ్చాయి.

అప్పుడు డాక్యుమెంటేషన్ చదివాను. ముందు చదవాల్సింది. ఎల్‌ట్రిమ్‌కి "+91" ఇస్తే అది "+91" అనే మాటని వెతకదు. మనం ఇచ్చినది దానికి మాట కాదు, మూడు గుర్తుల గంప. ప్లస్, తొమ్మిది, ఒకటి. నంబర్ ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, ఈ మూడింటిలో ఏది కనిపించినా తీసేస్తూ పోతుంది. గంపలో లేనిది కనిపించినప్పుడే ఆగుతుంది. నా నంబర్‌లో +, 9, 1 తీసేసింది, తర్వాత 8 కనిపించింది, ఆగింది. అందుకే కరెక్ట్‌గా వచ్చింది. అదే ఒకరి నంబర్ 9911 అని మొదలైతే, ప్రిఫిక్స్‌తో పాటు ఆ నాలుగూ మింగేసి, ఆరంకెలు మిగులుస్తుంది. ప్రిఫిక్స్ అసలు లేని నంబర్లని కూడా వదల్లేదు. ముందు సున్నా కొట్టిన వాళ్ల నంబర్లు మాత్రం బతికిపోయాయి. గంపలో సున్నా లేదు కదా, అది గుమ్మంలో అడ్డం నిలబడింది.

ఎర్రర్ రాలేదు. అది నాకు ఇప్పటికీ జీర్ణం కాదు. సెమికోలన్ మర్చిపోతే గోల చేసే మెషీన్, అంతమంది ఫోన్ నంబర్లు కొరికేసి "సక్సెస్" అంది. దానివైపు నుంచి చూస్తే తప్పేం లేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

పాత ఫైల్ లేదు, నేనే దాని మీద సేవ్ చేశాను. అసలు గూగుల్ షీట్ పోయిన ఏడాది పాసైపోయిన ఒక సీనియర్ అకౌంట్‌లో ఉంది. ఆయన ఫోన్ ఎత్తట్లేదు. అక్క ఆసుపత్రిలో బాబాయ్ పక్కన కూర్చుని ఉంది. ఆవిడ ఫోన్‌లోంచి వెనకాల ఎవరివో మాటలు, స్ట్రెచర్ చక్రాల చప్పుడు వినిపిస్తున్నాయి. "ఏదో ఒకటి చెయ్యరా" అని పెట్టేసింది.

నా రూమ్మేట్ ఈసీఈ. వాడికి ఎస్‌క్యూఎల్ రాదు. నేను మంచం మీద తల పట్టుకుని కూర్చుంటే వాడు నోట్‌బుక్ వెనక పేజీ తీసి అడిగాడు. "పోయినవి ఏ అంకెలు పోయుండొచ్చు?"

"9, 1. ఆ రెండే."

"మొత్తం పదుండాలి కదా. ఎన్ని పోయాయో తెలుసు. మొదటిది 1 అవ్వదు. అంటే 9. మరి ఏడుస్తావేంటి?"

వాడు చెప్పాక నాకు వెలిగింది. తొమ్మిది అంకెలు మిగిలిన నంబర్‌కి పోయింది ఒక్కటే, అది ఖచ్చితంగా 9. దాన్ని తిరిగి పెట్టేస్తే చాలు. ఎనిమిది మిగిలితే పోయింది 99 అయినా అయ్యుండాలి, 91 అయినా అయ్యుండాలి. రెండే దారులు. ఏడు మిగిలితే 999, 991, 919, 911. నాలుగు దారులు. ఒక్కో అంకె పోయిన కొద్దీ దారులు రెండింతలు. ఫస్ట్ ఇయర్‌లో నిద్రపోతూ విన్న లెక్క ఇది.

ఆరుగురి పేర్లు పేపర్ మీద రాసుకున్నాం. 8తో మొదలయ్యే అతను అక్టోబర్‌లోనే రక్తం ఇచ్చాడు. మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి, ఆడవాళ్లయితే 120. "ఇంకో నెలన్నర ఉంది బ్రో, సారీ" అన్నాడు, నిజంగా బాధపడుతూ. 7తో మొదలయ్యే నంబర్ స్విచాఫ్. తొమ్మిదంకెల వాళ్లు ఇద్దరు. 9 పెట్టి చేస్తే ఒకమ్మాయి ఎత్తింది, పెళ్లికని శ్రీకాకుళం వెళ్లి ఉంది. రెండో ఆయన ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తట్లేదు.

ఎనిమిదంకెల నంబర్ మిగిలింది. 99 పెట్టి కొట్టాను. చాలాసేపు మోగాక ఒక పెద్దావిడ గొంతు. నిద్రలోంచి లేచినట్టుంది.

"ఎవరండీ?"

నేను లిస్టులో ఉన్న పేరు చెప్పి ఉన్నారా అని అడిగాను. అలాంటి వాళ్లెవరూ లేరంది. సారీ అమ్మమ్మా, రాంగ్ నంబర్ అన్నాను. పెట్టేయబోతుంటే ఆవిడ ఆపింది. "ఈ వేళప్పుడు ఎందుకు నాయనా? ఏమైంది?" గోదావరి వైపు యాస. ఏదో చెప్పి పెట్టెయ్యొచ్చు. నేనే ఆ మాట ఎవరికో ఒకరికి చెప్పుకోవాలన్నట్టు ఉన్నాను. కాన్పు అయిన అమ్మాయికి రక్తం కావాలి, నంబర్ తప్పు పడింది అని చెప్పాను. తప్పు పడింది అన్నాను, తప్పు చేశాను అనలేదు.

"మొదటి కాన్పా?" అంది.

"అవునండి."

"దొరుకుతుందిలే. నువ్వు పెట్టేసి ఇంకో నంబర్ చూడు. నాతో మాట్లాడుతూ కూర్చోకు."

91 పెట్టి కొట్టాను. రెండో రింగ్‌కే ఎత్తాడు. పోయిన ఏడాది మన కాలేజీలోనే పాసై, ఇదే ఊళ్లో గది తీసుకుని బ్యాంక్ ఎగ్జామ్స్‌కి చదువుకుంటున్నాడట. ఇంకా పడుకోలేదు. ఏ ఆసుపత్రి అని ఒక్కటే అడిగాడు. నేను థ్యాంక్స్ చెప్పేలోపే బైక్ తాళాలు తీస్తున్న చప్పుడు వినిపించింది.

టైమ్ చూశాను, పదకొండూ పది. అక్క ఫోన్ చేసిన దగ్గర నుంచి 55 నిమిషాలు. ఆ నంబర్ సరిగ్గా ఉండుంటే ఐదు నిమిషాల పని.

తల్లీ బిడ్డా బాగున్నారు. ఈ మాట ముందే చెప్తే మీరు ఇంతవరకు చదవరేమోనని దాచలేదు, ఆ రాత్రి నాకు కూడా తెలియదు కాబట్టి ఆఖర్న చెప్తున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి అక్క మెసేజ్ పెట్టింది. "బ్లీడింగ్ కంట్రోల్ అయింది. పడుకోండి." మేం పడుకోలేదు.

పొద్దున ఏడున్నరకి తెలియని నంబర్ నుంచి ఫోన్. ఎత్తితే ఆ పెద్దావిడ. "ఆ పిల్లకి ఎలా ఉంది నాయనా? రక్తం దొరికిందా?" ఆవిడకి చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. రాత్రంతా ఆవిడ ఆ మాట మనసులో పెట్టుకుని ఉంది. దొరికిందమ్మమ్మా, ఇద్దరూ బాగున్నారు అన్నాను. "నేను చెప్పలా" అని పెట్టేసింది. ఆవిడ నంబర్ నా ఫోన్‌లో "రాంగ్ నంబర్ అమ్మమ్మ" అని సేవ్ అయి ఉంది.

ఆ రోజే ఆ సీనియర్ కూడా ఫోన్ చేసి, అసలు షీట్ పంపించాడు. చెక్ చేశాను. 187 నంబర్లు నేను పాడు చేశాను. ఏడంకెలు మిగిలిన ఆ ఆఖరి నంబర్‌కి పోయింది 919. మేం రాసుకున్న వరసలో మూడోది.

ఆదివారం అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. అమ్మ డిగ్రీ దాకా తెలుగు మీడియం. ప్రిఫిక్స్ అంటే ఏంట్రా అని అడిగింది. మాట ముందు తగిలించేది అన్నాను. "ఓహ్, ఉపసర్గ" అంది. నాకు ఆ మాట తెలియదు. ఉపసర్గలు మొత్తం 22 అట, వాళ్ల చేత బట్టీ పట్టించారట. ప్ర, పరా, అప అని ఫోన్‌లోనే మొదలుపెట్టింది. హారం అంటే మెడలో వేసుకునేది. ముందు "ఆ" పెడితే ఆహారం, తినేది. "వి" పెడితే విహారం, తిరిగేది. "సం" పెడితే సంహారం, చంపేది.

"అయితే ముందున్నది తీసేస్తే అసలు మాట మిగులుతుంది కదా. నేను చేసింది అదే" అన్నాను.

అమ్మ నవ్వింది. "ఆహారంలో 'ఆ' ఉపసర్గ. ఆవులో 'ఆ' ఆవుదేరా. అది కూడా తీసేస్తే ఎట్లా?"

రెండు నెలలు నేను చదివిన దానికన్నా ఆ ఒక్క ముక్కలో నాకు ఎక్కువ అర్థమైంది. "+91"లో ఉన్న 9 దేశానిది. దాని తర్వాత వచ్చే 9 ఆ మనిషిది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఫాంట్ కూడా ఒకటే. ఏది ఎవరిదో అంకెని చూసి చెప్పలేం, అది ఉన్న చోటుని చూసి చెప్పాలి. ఆ తేడా మెషీన్‌కి మనం చెప్పాలి. నేను చెప్పలేదు.

తర్వాత కూర్చుని దారులన్నీ చూశాను. మీలో ఎవరికైనా ఈ అవసరం పడొచ్చు కాబట్టి రాస్తున్నాను. రీప్లేస్ వాడితే ముందున్నదే కాదు, ఎక్కడున్నా తీసేస్తుంది. ప్లస్ లేకుండా 91 ఇచ్చారంటే నంబర్ మధ్యలో ఉన్న 91 కూడా పోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ట్రిమ్ లీడింగ్ ఉంది. అది గంపలాగా కాదు, 91ని ఒకే ముక్కగా చూస్తుంది. హమ్మయ్య అనుకుంటాం. కానీ అది ఒక్కసారితో ఆగదు, ఆ ముక్క ముందు కనిపించినన్ని సార్లూ తీస్తుంది. 91 తర్వాత మనిషి సొంత నంబర్ కూడా 91తోనే మొదలైతే, అదీ పోతుంది. ఆ రాత్రి ఫోన్ ఎత్తిన సీనియర్‌ది సరిగ్గా అలాంటి నంబరే.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో టోపీ గుర్తు పెడితే "మొదట్లో ఉంటేనే" అని అర్థం, ఒక్కసారే తీస్తుంది. లేదంటే కేస్ పెట్టి, లైక్‌తో "+91" మొదట్లో ఉందో లేదో చూసి, ఉంటే సబ్‌స్ట్రింగ్‌తో నాలుగో స్థానం నుంచి తీసుకోవచ్చు. ప్రిఫిక్స్‌లో మూడు గుర్తులు ఉన్నాయి, ఎస్‌క్యూఎల్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, కాబట్టి నాలుగు. సీ ప్రోగ్రామింగ్ అలవాటుతో మూడు అని వేస్తే 1 మిగిలిపోతుంది. ప్లస్ లేని 91 అయితే మొదట్లో 91 ఉంటే చాలదు, మొత్తం 12 అంకెలు ఉండాలని కూడా చెప్పాలి. 10 అంకెలే ఉండి 91తో మొదలైతే అది మనిషిదే, ముట్టుకోకూడదు.

ఈ తప్పులో నేను ఒంటరివాడిని కాదని తర్వాత తెలిసింది. పైథాన్‌లో ఎల్‌స్ట్రిప్ కూడా ఇలాగే గంప లెక్కన పని చేస్తుంది. చాలామంది దాన్ని ప్రిఫిక్స్ తీసేది అనుకుని దెబ్బ తిన్నాక, 2020లో వచ్చిన 3.9 వెర్షన్‌లో రిమూవ్‌ప్రిఫిక్స్ అని వేరే మెథడ్ పెట్టారు. పేరులోనే ఏం చేస్తుందో ఉంది. నాకు కాస్త ఊరట కలిగింది. కాస్తే. వాళ్ల తప్పు వల్ల ఫోన్ ఎవరికి కలవలేదో నాకు తెలియదు, నా తప్పు వల్ల ఎవరికి కలవలేదో నాకు తెలుసు.

ఇంకో రెండు అలవాట్లు చేసుకున్నాను. అప్‌డేట్ కొట్టే ముందు అదే షరతుతో సెలెక్ట్ కొట్టి, పాతది కొత్తది పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. పాత కాలమ్ మీద రాయను, కొత్త కాలమ్ పెడతాను. ఇక ఆఖర్న పొడవు 10 కానివి ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాను. ఈ ఆఖరిది సెప్టెంబర్‌లో చేసి ఉంటే పది సెకన్లు పట్టేది. టెస్ట్‌కి నా నంబర్, నా పక్కవాడి నంబర్ తీసుకోవడం మానేశాను. నాకు పనిచేసింది కాబట్టి అందరికీ పనిచేస్తుందనుకోవడం ఎంత అమాయకత్వమో ఆ 8, 7 నాకు నేర్పాయి. మన చుట్టూ కూర్చున్నవాళ్లు మనలాంటి వాళ్లే ఉంటారు. పాడయ్యేది ఎప్పుడూ మన గదిలో లేనివాళ్ల నంబర్.

పోయిన నెల మన క్లబ్ వాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఉగాది కవి సమ్మేళనం ఆహ్వానాల లిస్ట్‌లో కొన్ని పేర్ల ముందు "శ్రీ" ఉంది, కొన్నింటికి లేదు. అందరికీ తీసేసి సమానంగా చెయ్యమన్నారు. ఒక్క లైను పని అన్నారు. నేను నవ్వలేదు.

ముందు సెలెక్ట్ కొట్టాను. "శ్రీ"తో మొదలయ్యే పేర్లన్నీ వచ్చాయి. గుడ్డిగా తీసేస్తే శ్రీనివాస్ నివాస్ అయ్యేవాడు, శ్రీలత లత అయ్యేది, శ్రీమతి అని ఉన్న ప్రతి చోటా ఒట్టి మతి మిగిలేది. పైగా మనకి కంటికి ఒక్క అక్షరంలా కనిపించే "శ్రీ", డేటాబేస్‌కి నాలుగు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. కాబట్టి రెండో స్థానం నుంచి తీసుకుంటే మొదటి అక్షరంలో ముక్కలు మిగిలి, మొదట్లోనే ఒక పొల్లు వేలాడుతూ ఉంటుంది. శ్రీ తర్వాత ఖాళీ ఉంటేనే తియ్యమని షరతు పెట్టాను. ఒక్క పేరు తప్ప అన్నీ సరిపోయాయి. ఒకమ్మాయి తన పేరు "శ్రీ వల్లి" అని మధ్యలో ఖాళీ ఇచ్చి రాసుకుంది. అది గౌరవానికి పెట్టిన శ్రీనా, పేరులో ఉన్న శ్రీనా? ఏ క్వెరీ చెప్పలేదు. ఫోన్ చేసి అడిగాను. "నా పేరేనండి, ఎందుకు?" అంది. ఏం లేదండి, కనుక్కుందామని అన్నాను. ఆ రోని చేత్తో వదిలేశాను.

మెస్ బాబాయ్‌కి ఈ సంగతంతా నేనే చెప్పాను. అక్క చెప్పొద్దంది, ఇప్పుడెందుకు అంది. అయినా ఆయన వేసిన దోశ తింటూ చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఎల్‌ట్రిమ్ గొడవ ఆయనకి ఎలా చెప్పాలో తెలియక, "బాబాయ్, ఆ రోజు నంబర్లు తప్పు పడ్డాయి కదా, అది నేను చేసిందే" అన్నాను. ఆయన పెనం మీద నీళ్లు చిలకరించి, గరిటె తిప్పి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇప్పుడు సరి చేశావా బాబూ?" అని అడిగాడు.

చేశాను బాబాయ్ అన్నాను. "అన్నీ చూశావా?" అన్నాడు. చూశాను అన్నాను. అప్పుడు దోశ వేశాడు.

కానీ ఒకటుంది. షీట్‌లో అప్పటికే తప్పు రాసినవాళ్లు, తర్వాత నంబర్ మార్చినవాళ్లు ఉంటారు. వాళ్లని నా క్వెరీ పట్టుకోలేదు. ఎన్ఎస్ఎస్ రూమ్ బయట నోటీస్ బోర్డ్ మీద ఒక క్యూఆర్ కోడ్ అంటించాను. స్కాన్ చేసి మీ రోల్ నంబర్ కొడితే, లిస్టులో మీ నంబర్ ఎలా పడిందో మీకు కనిపిస్తుంది. మీరెప్పుడైనా డోనర్‌గా పేరిచ్చి ఉంటే ఒక్కసారి వెళ్లి చూసుకోండి. మీ నంబర్ 9తో మొదలైతే తప్పకుండా చూసుకోండి.